పత్రభాండాగారం నుంచి ప్రజల్లోకి: జాన్ హోప్ ఫ్రాంక్లిన్ చరిత్ర రచన ఏం మార్చింది, ఎక్కడ ఆగిపోయింది

సారాంశం: అమెరికాలో నల్లజాతీయుల చరిత్రను మ్యూజియాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఎలా చెప్పాలన్న వివాదం 2025లో మళ్లీ ముదిరింది. ఆ చరిత్రను విశ్వవిద్యాలయ విద్యలో భాగం చేసిన తరంలో ముఖ్యుడు నల్లజాతి చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ (1915–2009). కోర్టులు, అధ్యక్ష భవనం ఆయన్ను నేరుగా సంప్రదించిన సందర్భాల్లో చరిత్ర పరిశోధనకు దక్కిన ఫలితం పరిమితమే. పాఠ్యపుస్తకం, పత్రభాండాగారం, మ్యూజియం వంటి నిదానమైన దారుల్లో మాత్రం అది లోతుగా నాటుకుంది.

వివాదం ఎక్కడ మొదలైంది

2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ అమెరికా చరిత్రను చెప్పే తీరుపై ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. దేశ చరిత్రను కించపరిచే భావజాలం స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియాల్లోకి చొరబడిందని, దాన్ని తొలగించాలని ఆ ఉత్తర్వు ఆదేశించింది. అందులో పేరుపెట్టి ప్రస్తావించిన వాటిలో వాషింగ్టన్‌లోని జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియం ఒకటి. పాఠశాలల్లో జాతి అంశాన్ని ఎలా బోధించాలన్న దానిపై అనేక రాష్ట్రాలు అప్పటికే చట్టాలు చేసి ఉన్నాయి. ఓక్లహోమా 2021లో చేసిన చట్టం వాటిలో ఒకటి.

ఈ వాదనలు వింటే, ఇప్పుడు మ్యూజియంలో కనిపించే చరిత్ర ఇటీవలి రాజకీయాల నుంచి పుట్టుకొచ్చిందన్న అభిప్రాయం కలగవచ్చు. వాస్తవానికి ఆ చరిత్రకు మూలం 1930ల నుంచి సాగిన పత్ర పరిశోధన. 2003 నాటి చట్టంతో ఏర్పడి 2016 సెప్టెంబర్ 24న తెరుచుకున్న ఆ మ్యూజియానికి, నిర్మాణానికి ముందే పండితుల సలహా సంఘం ఒకటి ఉండేది. దాని తొలి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్. భవనం తెరుచుకోవడానికి ఏడేళ్ల ముందే ఆయన మరణించారు. కాబట్టి ఆయన వృత్తి జీవితాన్ని పరిశీలిస్తే, పరిశోధనగా మొదలైన ఒక విషయం జాతీయ మ్యూజియం గోడలకు ఎలా చేరుతుందో, ఆ దారిలో ఏ మలుపు గట్టిదో, ఏది బలహీనమో తెలుస్తుంది.

అంతకుముందు బడుల్లో చెప్పిన చరిత్ర

ఫ్రాంక్లిన్ విద్యార్థిగా ఉన్న రోజుల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో అంతర్యుద్ధానంతర కాలాన్ని బోధించిన పద్ధతిని గుర్తు చేసుకోకపోతే ఆయన చేసిన పని బరువు అర్థం కాదు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సాగిన ఆ యుద్ధం 1865లో ముగిసింది. ఆ తర్వాత 1877 దాకా సాగిన పునర్నిర్మాణ కాలంలో, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతి పురుషులకు ఓటు హక్కు వచ్చింది. దక్షిణాది శాసనసభల్లో నల్లజాతి సభ్యులు కూర్చున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం డన్నింగ్, ఆయన శిష్యులు ఈ కాలాన్ని ఒక పెద్ద పొరపాటుగా, అవినీతి పాలనగా చిత్రించారు. 1915లో విడుదలైన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే మూకీ సినిమా అదే కథనాన్ని జనసామాన్యంలోకి తీసుకెళ్లింది.

ఈ కథనానికి ఒక ఆచరణాత్మక ప్రయోజనం ఉంది. నల్లజాతీయులకు ఓటు ఇవ్వడమే తప్పిదమని చరిత్రకారులు తేల్చి చెబితే, 1890ల తర్వాత దక్షిణాది రాష్ట్రాలు ఆ ఓటును లాక్కోవడం తప్పును సరిదిద్దడమే అవుతుంది. బళ్లలో, రైళ్లలో, ఆస్పత్రుల్లో నల్లజాతీయులను శ్వేతజాతీయుల నుంచి విడిగా ఉంచే వేర్పాటు పాటించడం అనాదిగా వస్తున్న సహజ ఏర్పాటు అన్న భావన కూడా దీని మీదే నిలబడింది. అంటే చరిత్ర పుస్తకం ఆనాటి చట్టాలకు దన్నుగా పనిచేసింది.

దీన్ని ఎదిరించినవారు లేకపోలేదు. ఫ్రాంక్లిన్ పుట్టిన 1915లోనే కార్టర్ వుడ్సన్ నల్లజాతి చరిత్ర అధ్యయనానికి ఒక సంఘాన్ని స్థాపించారు. 1926లో ఆయన ప్రారంభించిన చరిత్ర వారోత్సవమే తర్వాతి కాలంలో ఫిబ్రవరి నెలంతా జరిగే కార్యక్రమంగా మారింది. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1935లో 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' ప్రచురించి డన్నింగ్ వర్గపు వాదనలను సమూలంగా ఖండించారు. అయితే ఆ గ్రంథాన్ని అమెరికాలో అత్యంత ప్రతిష్ఠ గల చరిత్ర పత్రిక సమీక్షించనే లేదు. ఇక్కడే అసలు చిక్కు కనిపిస్తుంది. వాదం ఎంత బలమైనదైనా వృత్తి సంస్థలు దాన్ని విననట్టే ఊరుకుంటే అది ప్రధాన స్రవంతిలోకి రాదు. వృత్తి నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తూ, ఎవరూ పక్కన పెట్టలేని పద్ధతిలో రాయడమే ఫ్రాంక్లిన్ ఎంచుకున్న మార్గం.

రాలీ పత్రభాండాగారంలో పరిశోధన

ఓక్లహోమాలోని రెంటీస్‌విల్ అనే చిన్న నల్లజాతి ఊరిలో పుట్టిన ఫ్రాంక్లిన్, టల్సాలో హైస్కూలు పూర్తిచేసి, 1935లో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. న్యాయవాది కావాలనుకున్న ఆయన్ను చరిత్ర వైపు మళ్లించింది థియడోర్ కరియర్ అనే శ్వేతజాతి అధ్యాపకుడు. శిష్యుణ్ని హార్వర్డ్‌కు పంపడానికి కరియర్ తానే 500 డాలర్లు అప్పు చేశారు. అక్కడ 1941లో డాక్టరేట్ వచ్చింది.

పరిశోధనకు ఎంచుకున్న విషయం చూడటానికి చిన్నది: 1790 నుంచి 1860 వరకు ఉత్తర కరోలినాలో బానిసలు కాని నల్లజాతీయుల జీవితం. 1860 నాటికి వీరి సంఖ్య ఆ రాష్ట్రంలో సుమారు 30 వేలు. బానిసలు కారు, అలాగని పూర్తి పౌరులూ కారు. ఈ అంశాన్ని పరిశోధించాలంటే రాజధాని రాలీలోని రాష్ట్ర పత్రభాండాగారానికి వెళ్లక తప్పదు. 1939లో ఆయన అక్కడ అడుగుపెట్టినప్పుడు, ఒక నల్లజాతి పరిశోధకుడు వస్తాడని భవనం కట్టినవాళ్లు ఊహించలేదని, విడిగా గది సిద్ధం చేయడానికి కొన్ని రోజులు పడుతుందని సంచాలకుడు చెప్పారు. గది సిద్ధమైంది. శ్వేతజాతి సహాయకులు నల్లజాతి వ్యక్తికి కాగితాలు తెచ్చి ఇవ్వరు కాబట్టి, అల్మరాల గదుల తాళంచెవి ఆయన చేతికే ఇచ్చారు. తనకు కావలసిన కట్టలు తానే బండి మీద వేసుకుని తెచ్చుకునేవారు. రెండు వారాలకు ఆ సౌకర్యం పోయింది. తమకు లేని వెసులుబాటు ఆయనకు ఉందని, ఇది తమ పట్ల వివక్ష అని శ్వేతజాతి పరిశోధకులు ఫిర్యాదు చేశారట. వేర్పాటు నియమం తనను తానే వెక్కిరించుకున్న సందర్భాల్లో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అదే రాలీ, దాని పక్కనున్న డర్హమ్ ప్రాంతంలో నేడు వేల సంఖ్యలో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. ఆ వలసకు దారి తీసిన 1965 అక్టోబర్ నాటి వలస చట్టం, పుట్టిన దేశం ఆధారంగా ఉన్న కోటాలను రద్దు చేసింది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం వచ్చిన రాజకీయ వాతావరణమే దానికీ భూమిక.

ఉత్తర కరోలినా పరిశోధనలో తేలిన విషయాల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ రాష్ట్రంలో స్వేచ్ఛ పొందిన నల్లజాతి పురుషులకు ఒకప్పుడు ఓటు ఉండేది. 1835లో రాజ్యాంగ సవరణతో దాన్ని తీసివేశారు. అంటే వివక్ష తరతరాల ఆచారంగా తనంతట తాను వచ్చింది కాదు. ఫలానా సంవత్సరం, ఫలానా సభలో, ఓటింగు ద్వారా తెచ్చిపెట్టుకున్నది. తేదీ ఉన్న చట్టం మారగల చట్టం కూడా అన్న ఈ తర్కం ఆ తర్వాత ఆయన రచనలన్నింటిలోనూ అంతర్లీనంగా కనిపిస్తుంది. 1943లో పరిశోధన పుస్తకంగా వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో ఆయన అనుభవం మరోలా ఉంది. గుమాస్తా పనులకు మనుషులు కావాలన్న ప్రకటన చూసి నౌకాదళానికి వెళ్తే, అర్హతలన్నీ ఉన్నా రంగు ఒక్కటే అడ్డని వెనక్కి పంపారు.

1947 పుస్తకం ఎందుకు నిలిచింది

'ఫ్రమ్ స్లేవరీ టు ఫ్రీడమ్' 1947లో వెలువడింది. ఆఫ్రికా రాజ్యాల నుంచి మొదలై, బానిస వ్యాపారం, తోటల జీవితం, అంతర్యుద్ధం, ఆ తర్వాతి కాలం వరకు నల్లజాతీయుల చరిత్రను ఒకే ధారలో చెప్పిన పాఠ్యగ్రంథం ఇది. ఎన్నో ముద్రణలు పొంది, తర్వాతి కూర్పుల్లో సహరచయితలు చేరి, 30 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది.

ఇంతకాలం నిలవడానికి కారణం పుస్తకపు స్వరం. ఆవేదన వ్యక్తం చేయడానికి ఎన్నో అవకాశాలున్న చోట కూడా అది పత్రాలను, అంకెలను, చట్టాలను ముందు పెట్టి పక్కకు జరుగుతుంది. నల్లజాతి చరిత్రను అమెరికా చరిత్రకు అనుబంధంగా కాక అందులో అవిభాజ్య భాగంగా చూపించింది. 1960ల చివర విశ్వవిద్యాలయాలు నల్లజాతి అధ్యయన కోర్సులు హడావుడిగా ప్రారంభించినప్పుడు, పాఠ్యగ్రంథంగా వాడదగ్గ పుస్తకం అప్పటికే ఇరవై ఏళ్లుగా సిద్ధంగా ఉంది. ఉద్యమం వచ్చాక పుస్తకం రాయలేదు. పుస్తకం ఉన్న చోటుకు ఉద్యమం వచ్చింది.

అదే సమయంలో ఆయన వృత్తిలోని పెద్దలతో నేరుగా తలపడ్డారు. పునర్నిర్మాణ కాలంపై ఇ. మెర్టన్ కోల్టర్ 1947లో ప్రచురించిన, డన్నింగ్ బాణీని కొనసాగించిన గ్రంథాన్ని మరుసటి ఏడాది సుదీర్ఘ వ్యాసంలో విమర్శించారు. ఏ ఆధారాన్ని వదిలేశారో, ఏ విశేషణం ఎక్కడి నుంచి వచ్చిందో ఎత్తి చూపారు. 1961లో తన సొంత గ్రంథం 'రీకన్‌స్ట్రక్షన్: ఆఫ్టర్ ద సివిల్ వార్' ప్రచురించారు. డుబోయిస్ పాతికేళ్ల ముందు చెప్పిన అనేక అంశాలు ఈసారి వృత్తి పండితుల పత్రికల్లో చర్చకు వచ్చాయి.

బ్రౌన్ కేసు: కోర్టు అడిగిన ప్రశ్న, చరిత్ర ఇవ్వగలిగిన జవాబు

చరిత్రకారుడు న్యాయపోరాటంలోకి దిగితే ఏమవుతుందన్న దానికి ఫ్రాంక్లిన్ జీవితంలో రెండు ఉదాహరణలు ఉన్నాయి. మొదటిది సులభమైనది. కెంటకీ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదవాలనుకున్న లైమన్ జాన్సన్ వేసిన కేసులో, నల్లజాతీయుల కళాశాల, శ్వేతజాతీయుల విశ్వవిద్యాలయం ఒకదానికొకటి సమానం కావని చూపడానికి 1949లో ఫ్రాంక్లిన్ నిపుణుడిగా సిద్ధమయ్యారు. జాన్సన్ గెలిచారు.

రెండోది బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్. పాఠశాలల్లో వేర్పాటు రాజ్యాంగబద్ధమేనా అన్న ఈ కేసులో 1953 జూన్‌లో తీర్పు చెప్పడానికి బదులు సుప్రీంకోర్టు ఇరుపక్షాలకూ ప్రశ్నలు పంపింది. వాటిలో ముఖ్యమైనది పూర్తిగా చరిత్రకు సంబంధించినది: చట్టం కింద అందరికీ సమాన రక్షణ హామీ ఇచ్చే 14వ రాజ్యాంగ సవరణను 1866లో రూపొందించిన కాంగ్రెస్, దాన్ని ఆమోదించిన రాష్ట్రాల శాసనసభలు, ఆ సవరణతో పాఠశాలల వేర్పాటు రద్దవుతుందని భావించాయా, లేదా? నల్లజాతి హక్కుల సంఘం తరఫు న్యాయవాది తర్‌గుడ్ మార్షల్ దీనికి సమాధానం వెదకడానికి చరిత్రకారులను కూడగట్టారు. సి. వాన్ వుడ్‌వర్డ్, ఆల్‌ఫ్రెడ్ కెల్లీ వారిలో ఉన్నారు. అప్పటికి వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఫ్రాంక్లిన్, ఆ ఏడాది వేసవి చివరి నుంచి వారాంతాల్లో న్యూయార్క్ వెళ్లి పనిచేసేవారు.

ఈ పనిలో ఉన్న ఇబ్బందిని తక్కువ చేసి చూపే వ్యాఖ్యాతలు కొందరు ఉన్నారు. పత్రాలు ఏకపక్షంగా లేవు. 14వ సవరణను ఆమోదించిన కాంగ్రెస్సే రాజధాని వాషింగ్టన్‌లో వేరువేరు బళ్లను కొనసాగనిచ్చింది. సవరణను ఆమోదించిన రాష్ట్రాల్లో చాలాచోట్ల పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టేవారు. అవతలి న్యాయవాదులకు ఇవి చాలు. మార్షల్ పక్షం మరో వైపు నుంచి వచ్చింది: సవరణ వెనుక ఉన్న బానిసత్వ వ్యతిరేకుల ఆలోచన విశాలమైనది, కుల వ్యవస్థ వంటి చట్టపరమైన హోదా భేదాలను అంతం చేయడం దాని లక్ష్యం. దక్షిణాది రాష్ట్రాలు ఆ సవరణను, ఆ తర్వాత వచ్చిన హామీలను ఎలా నీరుగార్చాయో, సమాఖ్య సైన్యం వెళ్లిపోయాక వేర్పాటు చట్టాలను ఎలా ఒక్కొక్కటిగా తెచ్చాయో చూపించడం ఫ్రాంక్లిన్ వంతు వచ్చింది.

తాను చేస్తున్నది మామూలు పరిశోధన కాదని ఆయనకు తెలుసు. నల్లజాతి పండితుడి సంకటం గురించి 1963లో రాసిన వ్యాసంలో, ఈ కేసు కోసం పరిశోధన సమకూర్చిన నిష్పాక్షిక సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగానే న్యాయం కోసం చేసే విజ్ఞప్తిగా మలిచానని, పాండిత్యానికి దెబ్బ తగలలేదని ఆశిస్తున్నానని ఆయన చెప్పుకున్నారు. కెల్లీ మరింత ముందుకెళ్లి, న్యాయవాదులు గెలుపు కోసం చరిత్రను ఏరుకునే ధోరణిని తర్వాతి కాలంలో తీవ్రంగా విమర్శించారు. ఇద్దరిదీ ఒకే అనుభవం. కెల్లీ దానినుంచి ఒక సాధారణ హెచ్చరికను రాబట్టారు; ఫ్రాంక్లిన్ రెండు పాత్రలను కలపకుండా, దేన్ని ఎప్పుడు పోషిస్తున్నదీ బాహాటంగా చెప్పే పద్ధతి పట్టారు. ఈ రెండో పద్ధతి చదువరికి ఎక్కువ ఉపయోగం. ఏ రచనను ఏ కొలతతో కొలవాలో దానివల్ల తెలుస్తుంది.

1954 మే 17న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ వెలువరించిన ఏకగ్రీవ తీర్పు పాఠశాలల్లో వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. కానీ ఇంత శ్రమతో సమకూర్చిన చరిత్ర ఆధారాలు దేన్నీ తేల్చి చెప్పడం లేదని పేర్కొంది. కాలాన్ని సవరణ అమల్లోకి వచ్చిన 1868కో, వేర్పాటును సుప్రీంకోర్టే సమర్థించిన 1896కో వెనక్కి తిప్పలేమని, ఆధునిక జీవితంలో విద్యకున్న స్థానాన్ని బట్టే నిర్ణయించాలని చెప్పింది. వేర్పాటు పిల్లల మనసులపై వేసే ముద్ర గురించిన అధ్యయనాలను పాదసూచికలో ఉటంకించింది.

అందుకని చరిత్రకారుల కృషి వృథా అయిందనడం సరికాదు. ఆ పరిశోధన లేకపోతే, సవరణ రూపకర్తలు వేర్పాటును అంగీకరించారన్న ఎదుటి పక్షం మాటే రికార్డులో మిగిలేది, కోర్టు దాన్ని పట్టుకుని ఆగిపోయే అవకాశం ఉండేది. చరిత్ర ఇక్కడ అడ్డంకిని తొలగించింది, తీర్పును మాత్రం నిర్ణయించలేదు. పైగా ఆ పని మరో చోట ఫలించింది. దక్షిణాది వేర్పాటు చట్టాలు అంతర్యుద్ధం అయిన వెంటనే కాక, చాలా ఆలస్యంగా పుట్టుకొచ్చాయన్న వాదాన్ని వుడ్‌వర్డ్ 1955లో ఒక చిన్న పుస్తకంగా వివరించారు. కోర్టు పక్కన పెట్టిన ప్రశ్న సాధారణ పాఠకుల చేతికి చేరింది.

పదవులు, గౌరవాలు, వాటి పక్కనే పాత అనుభవాలు

1956లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ కళాశాల ఆయన్ను చరిత్ర శాఖాధిపతిగా నియమించింది. శ్వేతజాతీయులు అధికంగా ఉన్న సంస్థలో నల్లజాతి వ్యక్తి ఇటువంటి శాఖకు అధిపతి కావడం అదే మొదలు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వేసింది. కాలేజీకి దగ్గరలో ఇల్లు కొనడానికి మాత్రం స్థిరాస్తి వ్యాపారుల నుంచి, బ్యాంకుల నుంచి తిరస్కారాలే ఎదురయ్యాయి. 1964 నుంచి షికాగో విశ్వవిద్యాలయంలో, 1982 నుంచి డ్యూక్‌లో పనిచేశారు. 1965లో నల్లజాతీయుల ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సాగిన పాదయాత్రలో మరికొందరు చరిత్రకారులతో కలిసి నడిచారు. దక్షిణాది చరిత్రకారుల సంఘానికి, అమెరికా చరిత్రకారుల సంఘాలు రెండింటికీ అధ్యక్షులయ్యారు. 1987లో రాబర్ట్ బోర్క్‌ను సుప్రీంకోర్టుకు నామినేట్ చేసినప్పుడు సెనేట్ ముందు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు.

1995లో అధ్యక్షుడు క్లింటన్ ఆయనకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందించారు. దాని ముందు రోజు సాయంత్రం, తాను సభ్యుడిగా ఉన్న వాషింగ్టన్ క్లబ్బులో మిత్రులకు విందు ఇస్తుండగా, ఒక శ్వేతజాతి మహిళ ఆయన్ను సిబ్బందిగా భావించి తన కోటు తెచ్చిపెట్టమని చీటీ అందించింది. ఆయన తర్వాత ఈ సంఘటనను చాలాచోట్ల చెప్పారు. వ్యక్తులు ఎదిగినంత మాత్రాన వ్యవస్థ మారినట్టు కాదన్న మాటకు అది ఆయనకు చేతికందిన ఉదాహరణ.

కాలిఫోర్నియా పాఠ్యపుస్తకం: 2025కు ముందే జరిగిన తగాదా

ఇప్పటి వివాదానికి అతి దగ్గరి పోలిక 1966లో ఉంది. జాన్ కాఫీ, ఎర్నెస్ట్ మేలతో కలిసి ఫ్రాంక్లిన్ రాసిన 'లాండ్ ఆఫ్ ద ఫ్రీ' అనే ఎనిమిదో తరగతి పుస్తకాన్ని కాలిఫోర్నియా పాఠశాలలకు ప్రతిపాదించారు. బానిసత్వాన్ని, నల్లజాతి పౌరుల పాత్రను అప్పటి పాఠ్యపుస్తకాల కన్నా ఎక్కువగా చెప్పినందుకు అది దేశభక్తిని నీరుగారుస్తుందని, పిల్లల్లో అపరాధ భావం నింపుతుందని అభ్యంతరాలు వచ్చాయి. వాదోపవాదాలు, సవరణలు జరిగాయి. పుస్తకం చివరికి తరగతి గదుల్లోకి వెళ్లింది. అపరాధ భావం, దేశభక్తి అనే ఈ రెండు అభ్యంతరాలే ఇటీవలి రాష్ట్ర చట్టాల చర్చల్లోనూ వినిపిస్తాయి. ఆనాడు వివాదం పాఠ్యపుస్తక ఎంపిక సంఘంలో నడిచింది. నేడు నేరుగా చట్టం ద్వారా, కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా నడుస్తోంది. అభ్యంతరం పాతదే, దాన్ని అమలు చేసే సాధనం మారింది.

అధ్యక్షుడి సలహా మండలి: ఎందుకు నీరుగారింది

1997 జూన్‌లో క్లింటన్ జాతి సంబంధాలపై దేశవ్యాప్త చర్చకు ఏడుగురు సభ్యుల సలహా మండలిని నియమించి, 82 ఏళ్ల ఫ్రాంక్లిన్‌ను అధ్యక్షుణ్ని చేశారు. తొలి సమావేశంలోనే ఒక మౌలిక భేదం బయటపడింది. లాస్ ఏంజెలెస్ న్యాయవాది ఏంజెలా ఓ, నలుపు–తెలుపు చట్రాన్ని దాటి ఆసియా, లాటిన్ మూలాల వారి అనుభవాలను కూడా చూడాలన్నారు. ఈ దేశం జాతి వివక్షను నేర్చుకున్నది నలుపు–తెలుపు సంబంధం దగ్గరే కాబట్టి, దాన్ని అర్థం చేసుకోకుండా మిగతావి అర్థం కావని ఫ్రాంక్లిన్ బదులిచ్చారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారితో సహా ఆసియా సంతతి వారి స్థానం గురించి ఇప్పటికీ సాగే చర్చకు ఈ సంభాషణ ఒక మంచి ప్రవేశిక. చరిత్ర క్రమం దృష్ట్యా ఫ్రాంక్లిన్ మాట సరైనదే. కానీ 1965 తర్వాత మారిన జనాభాకు అదొక్కటే చాలదన్న ఏంజెలా ఓ వాదనలోనూ బలం ఉంది.

విమర్శలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. వర్గాల వారీ రిజర్వేషన్ల తరహా విధానాలను వ్యతిరేకించే వారికి మండలి చోటివ్వలేదని ఒక పక్షం, బానిసత్వానికి క్షమాపణ వంటి గట్టి సిఫారసు లేదని మరో పక్షం తప్పుపట్టాయి. మొదటి విమర్శ తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు, ఎందుకంటే పరిశోధనలో వ్యతిరేక ఆధారాలను ఎదుర్కొన్నంత శ్రద్ధగా, చర్చలో వ్యతిరేకులను ఎదుర్కొనే ఓపిక మండలి చూపలేదు. 1998 సెప్టెంబర్‌లో నివేదిక వెలువడిన వారాల్లోనే అధ్యక్షుడిపై స్వతంత్ర విచారణాధికారి నివేదిక కూడా బయటకు వచ్చి దేశం దృష్టినంతా లాక్కుంది. మండలికి శాసనాధికారం లేదు. అధ్యక్షుడి ఆసక్తి పైనే ఆధారపడిన యంత్రాంగం ఆ ఆసక్తి చెదరగానే ఆగిపోయింది.

టల్సా: పత్రం, నివేదిక, పరిహారం

1921 మే 31, జూన్ 1 తేదీల్లో టల్సాలోని గ్రీన్‌వుడ్ నల్లజాతి వాడపై శ్వేతజాతి మూకలు దాడిచేసి సుమారు 35 వీధి బ్లాకులను తగలబెట్టాయి. మృతుల అంచనా 300 వరకు ఉంది. ఫ్రాంక్లిన్ తండ్రి బక్ కోల్బర్ట్ ఫ్రాంక్లిన్ అప్పుడక్కడ న్యాయవాదిగా ఉన్నారు. కుటుంబం ఆ ఏడాదే రావాల్సింది. ఆ విధ్వంసం వల్ల ప్రయాణం నాలుగేళ్లు వాయిదా పడింది. కాలిపోయిన స్థలాల్లో ఖరీదైన అగ్నినిరోధక సామగ్రితోనే ఇళ్లు కట్టాలంటూ నగరపాలక సంస్థ తెచ్చిన నిబంధనను, అంటే వాస్తవంలో నల్లజాతీయులు తిరిగి కట్టుకోకుండా చేసే నిబంధనను, తండ్రి గుడారంలో కార్యాలయం పెట్టుకుని కోర్టులో కొట్టివేయించారు.

ఈ ఘటన దశాబ్దాల పాటు పాఠాల్లో లేదు. 1997లో ఓక్లహోమా శాసనసభ విచారణ సంఘం వేసింది. దాని 2001 నివేదికలో ఫ్రాంక్లిన్, స్కాట్ ఎల్స్‌వర్త్ కలిసి సమగ్ర అవలోకనం రాశారు. నివేదిక పరిహారం సిఫారసు చేసింది, రాష్ట్రం చెల్లించలేదు. బతికి ఉన్న బాధితుల కోసం 2007లో ఫ్రాంక్లిన్ అమెరికా కాంగ్రెస్ ముందు మాట్లాడారు. ఆయన మరణం తర్వాత 2010లో నగరంలో ఆయన పేరిట స్మారక ఉద్యానవనం తెరిచారు. 2015లో తండ్రి 1931లో టైపు చేసిన పది పేజీల ప్రత్యక్ష సాక్షి కథనం వెలుగులోకి వచ్చి వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి చేరింది. 2024 జూన్‌లో బాధితుల దావాను ఓక్లహోమా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2025 జనవరిలో కేంద్ర న్యాయశాఖ సమీక్షా నివేదిక విడుదల చేసి, నేర విచారణకు ఇక మార్గం లేదని తేల్చింది. అదే ఏడాది జూన్‌లో నగర మేయర్ 10.5 కోట్ల డాలర్ల ప్రైవేటు ట్రస్టు ప్రణాళిక ప్రకటించారు. బాధితులకు నేరుగా నగదు ఇచ్చే అంశం అందులో లేదు.

బ్రౌన్ కేసులో కనిపించిన తీరే ఇక్కడా ఉంది. వాస్తవం స్థిరపడింది, దాన్ని ఇప్పుడు బాధ్యత గల ఏ ప్రభుత్వ సంస్థా కాదనడం లేదు. ఆ వాస్తవం ఆధారంగా ఎవరు ఎవరికి ఏం చెల్లించాలన్నది చరిత్ర తేల్చే ప్రశ్న కాకపోవడంతో, అది న్యాయ సూత్రాల దగ్గర, కాలపరిమితి దగ్గర ఆగిపోయింది.

నిదానమైన దారికి ఉన్న అపాయం

ఫ్రాంక్లిన్ తన చివరి దశాబ్దాల్లో ఎక్కువ ఫలితం ఇచ్చే పని మళ్లీ పత్రాల దగ్గరే చేశారు. 19వ శతాబ్దపు నల్లజాతి చరిత్రకారుడు జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్ జాడ కోసం దాదాపు 40 ఏళ్లు వెతికి, 1985లో జీవితచరిత్ర ప్రచురించారు. పారిపోయిన బానిసలపై లోరెన్ ష్వెనింగర్‌తో కలిసి 1999లో వెలువరించిన గ్రంథం దక్షిణాది కోర్టుల్లో, శాసనసభల్లో పడిన అర్జీలు, పత్రికల్లో యజమానులు వేయించిన ప్రకటనల మీద ఆధారపడింది. పారిపోవడం అరుదైన వీరోచిత చర్య కాదని, తోటల వ్యవస్థను నిత్యం ఇబ్బంది పెట్టిన మామూలు వ్యవహారమని ఆ కాగితాలు నిరూపించాయి. యజమానులు తమ ఆస్తి పోయిందని వేసుకున్న ప్రకటనే దీనికి సాక్ష్యం కావడంతో, దాన్ని పక్షపాతమని కొట్టిపారేయడం కష్టం.

మ్యూజియంలో ఫలకం మీది వాక్యాన్ని మార్చడం పాలకులకు పెద్ద పనేమీ కాదు. ఆ వాక్యానికి మూలమైన కాగితాలు అలా ఒక ఉత్తర్వుకు లొంగవు. అవి రాలీ, బాటన్‌రూజ్ వంటి రాష్ట్ర రాజధానుల్లో, జిల్లా స్థాయి కోర్టుల్లో, డ్యూక్ వంటి విశ్వవిద్యాలయాల సేకరణల్లో, వేర్వేరు యాజమాన్యాల కింద చెదిరి ఉన్నాయి. చరిత్రకు ఇది ఒక రక్షణ. కానీ ఆ కాగితాలను జాబితా వేయాలన్నా, కంప్యూటర్లలోకి ఎక్కించాలన్నా, వాటి మీద పనిచేసే యువ పరిశోధకులకు జీతం ఇవ్వాలన్నా నిధులు కావాలి. అమెరికాలో ఇలాంటి పనులకు దశాబ్దాలుగా ప్రధాన వనరు నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద హ్యుమానిటీస్ అనే ప్రభుత్వ సంస్థ. ఫ్రాంక్లిన్ 1976లో జాతి సమానత్వంపై ఇచ్చిన ప్రఖ్యాత జెఫర్సన్ ఉపన్యాసాన్ని ఏర్పాటు చేసిందీ అదే. 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ అప్పటికే మంజూరై, పని జరుగుతున్న గ్రాంట్లను వెయ్యికి పైగా ఒక్కసారిగా రద్దు చేసింది.